కొత్త 27 అంగుళాల మానిటర్‌లో 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు తెర మారడం) రావట్లేదు, నలుపు బూడిదగా ఉంది. ప్యానెల్ లోపమా, సెట్టింగా?

ప్రశ్న (కొత్తతెర):
2560×1440, 144 హెర్ట్జ్, ఐపీఎస్ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం). పాత మానిటర్ హెచ్‌డీఎంఐ కేబులే దీనికీ పెట్టాను. విండోస్ 11లో 60 హెర్ట్జ్ తప్ప వేరే ఆప్షన్ కనిపించట్లేదు. నలుపు వెలిసిపోయినట్టుంది, అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల గీత. చీకట్లో చూస్తే కుడివైపు కింది మూల పసుపుగా మెరుస్తోంది. వాపసు గడువు ఇంకా ఉంది. పంపేయమంటారా?

జవాబు (తీగలపెట్టె):
తొందరపడకండి. మీరు చెప్పిన నాలుగింటిలో మూడు కేబుల్, సెట్టింగ్‌ల పనే.

ముందు కేబుల్ వెనక ఎక్కడ గుచ్చారో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే వెళ్లాలి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు. హెచ్‌డీఎంఐ 1.4 స్థాయి పోర్టయినా కేబులైనా 1440పీ (మీ 2560×1440) దగ్గర 144కి సరిపోదు, 2.0 కావాలి. అంతకన్నా పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ (హెచ్‌డీఎంఐ లాంటిదే, మరో రకం) వాడటం తేలిక. వెర్షన్ 1.2 అయినా 144 హాయిగా మోస్తుంది. దాని కొనకు కొక్కెం ఉంటుంది; తీసేటప్పుడు మీట నొక్కి లాగండి, లేకపోతే పోర్టే ఊడిరావచ్చు.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 ఎంచుకోవాలి. కేబుల్ మార్చినంత మాత్రాన అదంతట అదే మారుతుందని నమ్మకండి. అక్కడా కనిపించకపోతే మానిటర్ సొంత మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.1కి దించి ఉందేమో చూడండి.

నలుపు సంగతి: హెచ్‌డీఎంఐలో కొన్నిసార్లు కార్డు మానిటర్‌ని టీవీ అనుకుని 0–255 (సున్నా పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు) బదులు 16–235 పరిధిలో రంగులు పంపుతుంది. అప్పుడు నలుపు బూడిదగా, తెలుపు మురికిగా కనిపిస్తాయి. ఎన్విడియా కార్డయితే దాని కంట్రోల్ ప్యానెల్‌లో ఛేంజ్ రిజల్యూషన్ పేజీ కింద కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, డైనమిక్ రేంజ్ ఫుల్ పెట్టండి. ఏఎండీ కార్డయితే పిక్సెల్ ఫార్మాట్ దగ్గర ఫుల్ ఆర్‌జీబీ.

జవాబు (పిక్సెల్‌పిచ్చి):
తెల్ల గీతకు కారణం మానిటర్ మెనూలోని షార్ప్‌నెస్. బూడిదరంగు నేపథ్యం మీద నల్ల అక్షరాలు తెరిచి, గీత మాయమయ్యేవరకు తగ్గించండి. అక్షరం మసకబారితే ఒక మెట్టు వెనక్కి. అంకె ఇంత అని చెప్పలేం, షార్ప్‌నెస్ ప్రభావం లేని స్థానం ఒక్కో కంపెనీకి ఒక్కో చోట ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా చేసే సెట్టింగ్) మధ్యలో ఉంచండి. చివరికి తోస్తే కదిలే వస్తువు వెనక వెలుగు తోక వస్తుంది.

మూల మెరుపుకి ఇలా పరీక్షించండి: గది చీకటి చేసి, తెర మొత్తం నలుపు పెట్టి, తలను పక్కకి జరపండి. మెరుపు మీతో పాటు కదిలినా, దూరం జరిగితే తగ్గినా అది ఐపీఎస్ గ్లో, ఈ రకం ప్యానెల్ స్వభావం. ఎక్కడి నుంచి చూసినా ఒకే చోట మచ్చలా ఉంటే బ్యాక్‌లైట్ బ్లీడ్, అంటే తెర వెనక దీపం వెలుగు అంచుల్లోంచి బయటికి కారడం. బ్లీడ్ ఎక్కువైతే వాపసు ఇచ్చేయండి. ఫోన్ ఫొటో చూసి మాత్రం నిర్ణయించకండి, చీకట్లో కెమెరా ఉన్నదాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. ఫ్రేమ్‌ని వేళ్లతో నొక్కి సరిచేయమనే సలహాలు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు.

కొత్తతెర:
డిస్‌ప్లేపోర్ట్‌తో 144 వచ్చింది, నలుపు కూడా బాగుపడింది. మెరుపు తల జరిపితే జరుగుతోంది, కాబట్టి ఉంచేస్తున్నాను. ఇంకో రెండు: బ్రైట్‌నెస్ ఎంత పెట్టాలి? తెర ఎలా తుడవాలి? తర్వాత టేబుల్‌కి ఆర్మ్ (స్టాండ్ బదులు మానిటర్‌ని పట్టుకునే కదిలే చేయి) బిగించే ఆలోచన ఉంది.

జవాబు (తీగలపెట్టె):
తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెరలోని తెలుపు ఆ కాగితం కంటే ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంటే తగ్గించండి. కాంట్రాస్ట్ ఫ్యాక్టరీ అంకెలోనే వదిలేయండి, పెంచితే లేత రంగులన్నీ తెలుపులో కలిసిపోతాయి.

తుడిచేముందు స్విచ్ ఆపి చల్లారనివ్వండి. మొదట పొడి మైక్రోఫైబర్ గుడ్డతో దుమ్ము, తర్వాతే తడి. లేకపోతే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. డిస్టిల్డ్ వాటర్ గుడ్డ మీద చల్లాలి, తెర మీద కాదు. తెర మీద చల్లితే నీరు జారి కింది అంచులోంచి లోపలికి దిగుతుంది. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు, అసిటోన్ మ్యాట్ పూతను పాడు చేస్తాయి. టిష్యూ పేపర్ కూడా వద్దు.

జవాబు (మరబిగింపు):
ఆర్మ్‌కి ముందు మానిటర్ వెనక రంధ్రాల మధ్య దూరం కొలవండి, సాధారణంగా 100×100 మిల్లీమీటర్లు, ఎం4 స్క్రూలు. స్క్రూ పొడవు మాన్యువల్‌లో చెప్పిందే వాడండి, ఎక్కువైతే లోపలి బోర్డుకి గుచ్చుకుంటుంది. రంధ్రాలు లోతుగా ఉంటే స్పేసర్లు (మధ్యలో పెట్టే చిన్న గొట్టాలు) వాడండి. చేత్తోనే బిగించండి. స్టాండ్ తీసేశాక మిగిలే బరువు ఆర్మ్ పరిధిలో ఉండాలి. కనీస బరువు కూడా చూడండి. తేలిక మానిటర్ పెడితే స్ప్రింగ్ ఆర్మ్ పైకి లేచిపోతుంది, అప్పుడు అలెన్ కీతో టెన్షన్ తగ్గించాలి.

ఎప్పుడైనా మానిటర్ విప్పాల్సి వస్తే ఆర్మ్‌ని పూర్తిగా పైకి లేపాకే విప్పండి. కింద ఉండగా విప్పితే బరువు పోయిన మరుక్షణం అది ఎగిరి మొహానికి తగులుతుంది.