258 ఎన్ పాసాన్‌ల కోసం 48 లక్షల ఎత్తులను ఆపాలా?

చిత్తూరు బంటు:
అన్నలూ, మాది చిత్తూరు, తిరుపతిలో ఎంసీఏ. నాలుగు నెలలుగా సీ ప్లస్ ప్లస్‌లో చెస్ ఇంజిన్ రాస్తున్నా. ప్రతి ఎత్తుకీ ఇది క్యాస్లింగా (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరగడం), ఎన్ పాసానా (రెండు గళ్లు దూకిన బంటుని పక్కనున్న అవతలి బంటు, అది ఒక్క గడే కదిలినట్టు కొట్టడం), ప్రమోషనా (చివరి వరుస చేరిన బంటు వేరే పావు కావడం) అని మూడు ఇఫ్‌లు, ఆడాక రాజుకి చెక్ ఉందా అని బోర్డంతా వెతకడం. ఆట మొదలయ్యే పొజిషన్‌లో 5 లోతుకి పర్ఫ్ట్ (చెల్లే ఎత్తులన్నీ ఆడుతూ అయిదు ఎత్తుల దాకా వెళ్తే వచ్చే దారుల లెక్క) 48,65,609 సరిగ్గానే వస్తోంది కానీ చాలా స్లో. అందులో ఎన్ పాసాన్‌లు 258 మాత్రమే! వాటి కోసం మిగతావన్నీ ఎందుకు ఆగాలి?

బైరాగిపట్టెడ గుర్రం:
తమ్ముడూ, నీ ఇఫ్‌లు పెద్ద భారం కాదు. దాదాపు ఎప్పుడూ ఒకే వైపు పోయే ఇఫ్‌ని ప్రాసెసర్ ముందే ఊహించేస్తుంది. ఎత్తుని 16 బిట్లలో పెట్టు, బయల్దేరే గడికి 6, చేరే గడికి 6, మిగిలిన 4లో ప్రత్యేక ఎత్తు గుర్తు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌లో కూడా ఎత్తు 16 బిట్లే. అసలు టైమ్ తినేది చెక్ వెతకడం. పిన్ అయిన పావులను (పక్కకి జరిగితే సొంత రాజుకి చెక్ పడేవి) ముందే లెక్కేసుకో. రాజు చెక్‌లో లేనప్పుడు, రాజు కాకుండా పిన్‌లో లేని పావు ఏ ఎత్తు ఆడినా చెల్లుతుంది, ఎన్ పాసాన్ తప్ప.

ఏనుగు మూల:
ఆ 'తప్ప' దగ్గరే నేను రెండు వారాలు ఇరుక్కున్నా. ఈ పొజిషన్ పెట్టి చూడు, తెల్ల ఆట: తెల్ల రాజు ఏ5, ఏనుగు బి4, బంట్లు బి5, ఈ2, జి2, నల్ల రాజు హెచ్4, ఏనుగు హెచ్5, బంట్లు సి7, డి6, ఎఫ్4. 2 లోతుకి 191 రావాలి, నాకు 193 వచ్చింది. తెల్ల ఈ4 గానీ జి4 గానీ ఆడాక ఎఫ్4 బంటు ఎన్ పాసాన్ కొడితే ఒకే వరుసలోంచి రెండు బంట్లూ పోతాయి, బి4 ఏనుగు నేరుగా రాజు మీద పడుతుంది. విడిగా చూస్తే ఏ బంటూ పిన్‌లో లేదు! అందుకని ఎన్ పాసాన్‌కి మాత్రం రెండు బంట్లనీ తీసేసి, కొట్టిన బంటుని కొత్త గడిలో పెట్టి, రాజు మీద దాడి ఉందా అని నిదానంగా చూడు. ఎప్పుడో వచ్చే ఎత్తు, నిదానమైతే ఏమీ పోదు.

ఇంకోటి, మొదటి పొజిషన్‌లో 5 లోతుకి క్యాస్లింగ్ గానీ ప్రమోషన్ గానీ ఒక్కటీ రాదు. అంటే ఆ రెండింటినీ నువ్వింకా టెస్ట్ చేయనట్టే.

చిత్తూరు బంటు:
అన్నా, చిత్తూరు బస్సులో కూర్చుని మార్చా. మొదట నాకూ 193, ఇప్పుడు 191, 5 లోతుకి 6,74,624. స్పీడ్ బాగా పెరిగింది. క్యాస్లింగ్ హక్కులకి (ఎవరు ఏ వైపు ఇంకా క్యాస్లింగ్ చేయొచ్చో చెప్పే బిట్లు) ఇఫ్‌లు ఇంకా ఉన్నాయి.

బైరాగిపట్టెడ గుర్రం:
64 గళ్లకీ ఒక్కో మాస్క్ (ఏ హక్కులు ఉంచాలో, ఏవి తీసేయాలో చెప్పే బిట్లు) పెట్టు. ప్రతి ఎత్తుకీ బయల్దేరిన గడి, చేరిన గడి మాస్క్‌లతో హక్కులని ఆండ్ చెయ్యి (రెండింటిలోనూ 1 ఉన్న బిట్లే మిగులుతాయి), ఇఫ్ అక్కర్లేదు. మూలలో కదలని ఏనుగుని అవతలివాడు కొట్టినా హక్కు పోతుంది, చాలామంది మర్చిపోయేది అదే.