పర్లాకిమిడి అబ్బాయి, టెక్కలి అమ్మాయి: మ్యారేజ్ లైసెన్స్ కోర్టులో ఎలా అప్లై చెయ్యాలి?

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, అమ్మాయి వాళ్లది టెక్కలి, తను బరంపురంలో నర్సుగా చేస్తోంది, రెండేళ్ల నుంచి అక్కడే హాస్టల్లో ఉంటోంది. మేము హిందువులం, వాళ్లు క్రిస్టియన్స్. మా ఇంట్లో ఒప్పుకున్నారు, వాళ్లమ్మ గారు కూడా సరే అన్నారు, వాళ్ల పెదనాన్న గారు ఒక్కరే ఇంకా ముఖం చాటేస్తున్నారు. ఎవరూ మతం మార్చుకోకుండా కోర్టులో చేసేసుకుందాం అనుకున్నాం. డాలస్‌లో ఉన్న మా బావ ఏమో ముందు కోర్టుకెళ్లి మ్యారేజ్ లైసెన్స్ తీసుకోండి, అది చేతికొచ్చాకే పెళ్లి అంటున్నాడు. ఇక్కడ ఒక ఏజెంట్ అయితే గుళ్లో తాళి కట్టించి, నోటరీ చేయించి, ఒక్క రోజులో సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. అసలు ఎక్కడికి వెళ్లాలి, ఒడిశాలోనా ఆంధ్రాలోనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బరంపురం_బాబాయ్:
బాబూ, మన దేశంలో పెళ్లికి లైసెన్స్ అనేది లేదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిన పనీ లేదు. అందరూ కోర్టు మ్యారేజ్ అంటారు గానీ అది జరిగేది మ్యారేజ్ ఆఫీసర్ దగ్గర, అంటే మామూలుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. మీది రెండు మతాలు కాబట్టి 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలి. మీ ఇద్దరిలో ఒక్కరైనా నోటీసు ఇచ్చే రోజుకి ముందు 30 రోజులు తక్కువ కాకుండా ఏ జిల్లాలో ఉన్నారో ఆ జిల్లాలో ఇవ్వొచ్చు. నువ్వు పర్లాకిమిడిలోనే ఉంటున్నావు కాబట్టి గజపతి జిల్లాలో ఇవ్వొచ్చు, అమ్మాయి హాస్టల్ బరంపురం కాబట్టి గంజాం జిల్లాలోనూ ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లాలో ఇవ్వాలంటే మీ ఇద్దరిలో ఒకరు అక్కడ 30 రోజులు ఉండి ఉండాలి, పాతపట్నం పక్కనే కదా దాటేసి ఇచ్చేద్దాం అంటే కుదరదు. నా మాట వింటే నీ అడ్రస్ ప్రూఫ్ గట్టిగా ఉంది కాబట్టి పర్లాకిమిడిలోనే ఇవ్వు, హాస్టల్ అడ్రస్‌కి కాగితాలు పుట్టించడం తలనొప్పి.

నోటీసు ఇచ్చాక దాన్ని ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. ఎవరూ అబ్జెక్షన్ పెట్టకపోతే ఆ తర్వాత మీరిద్దరూ, ముగ్గురు సాక్షులూ వెళ్లి సంతకాలు పెడితే అదే పెళ్లి, సర్టిఫికెట్ ఇస్తారు. ఇంకోటి, నోటీసు ఇచ్చిన రోజు నుంచి 3 నెలల్లోపల పెళ్లి జరగాలి, దాటిపోతే మళ్లీ కొత్త నోటీసే, మళ్లీ 30 రోజులే.

గుణుపురం_అక్క:
తమ్ముడూ ఆ ఏజెంట్ జోలికి మాత్రం పోకు. నోటరీ కాగితం పెళ్లికి రుజువు కాదు. మా చుట్టాలమ్మాయి ఇలాగే స్టాంపు పేపర్ మీద సంతకాలు పెట్టి పెళ్లయిపోయింది అనుకుంది, తర్వాత పాస్‌పోర్ట్‌లో భర్త పేరు ఎక్కించుకోడానికి వెళ్తే ఆ కాగితం పక్కన పెట్టేశారు, చేతిలో బిడ్డతో మళ్లీ మొదటి నుంచి మొదలు.

మీ విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. గుళ్లో తాళి కట్టి హిందూ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయిస్తాడేమో వాడు. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే. మన ఆంధ్రా కేసే ఒకటి ఉంది, అబ్బాయి క్రిస్టియన్, అమ్మాయి హిందువు, 1996లో గుళ్లో తాళి కట్టి రిజిస్టర్ కూడా చేయించుకున్నారు, 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదని తేల్చేసింది. రిజిస్ట్రార్ ముద్ర ఉన్నా చెల్లలేదు, చూశావా. ఆ అమ్మాయి బతుకు మీద నీకు ప్రేముంటే ఆ 30 రోజులు ఓపిక పట్టు.

వంశధార_గట్టు:
అమ్మో ఇంత ఉందా, చాలా థాంక్స్ అక్కా, బాబాయ్ గారూ. ఏజెంట్‌కి ఇప్పుడే వద్దని చెప్పేస్తాను. ఒక్క భయం ఉంది, నోటీసు టెక్కలి వైపు కూడా వెళ్తుందా? వాళ్ల పెదనాన్న గారు చూసి అబ్జెక్షన్ పెడితే ఆగిపోతుందా?

బరంపురం_బాబాయ్:
వెళ్తుంది. ఎవరి సొంత ఊరు వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లా మ్యారేజ్ ఆఫీసర్‌కి కాపీ పంపుతారు, అక్కడా బోర్డు మీద పెడతారు. కానీ నాకు ఇష్టం లేదు, మతం వేరు అంటే అది అబ్జెక్షనే కాదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండలేదనో, ఇంతకుముందే పెళ్లయి భార్యో భర్తో బతికి ఉన్నారనో, మతి స్థిమితం లేదనో, నిషేధించిన బంధుత్వం అనో చట్టంలో ఉన్న కారణం చూపించాలి. అలాంటిది పెడితే ఆఫీసర్ 30 రోజుల్లోపల విచారణ చేసి తేల్చాలి. ఆయన కాదంటే అప్పుడు జిల్లా కోర్టుకి అప్పీలు, దానికీ 30 రోజులే గడువు. అంటే కోర్టు అవసరం వస్తే గిస్తే ఇక్కడ వస్తుంది.

అసలు నన్నడిగితే నోటీసు వెళ్లకముందే మీ నాన్నగారిని తీసుకుని వెళ్లి ఆ పెదనాన్న గారితో ఒకసారి కూర్చో. బోర్డు మీద చూసి తెలుసుకుంటే ఏ పెద్దమనిషికైనా మనసు కష్టపడుతుంది.

మహేంద్రగిరి_92:
మీ బావ చెప్పింది తప్పు కాదు, అది అక్కడి పద్ధతి. నేను టెక్సాస్‌లోనే ఉంటాను. ఇక్కడ కౌంటీ క్లర్క్ ఆఫీసులో లైసెన్స్ తీసుకోవాలి, తీసుకున్నాక 72 గంటలు ఆగి పెళ్లి చేసుకోవాలి, 90 రోజులు దాటితే ఆ లైసెన్స్ పనికిరాదు. ఇండియాలో చేసుకునేవాళ్లకి దాంతో సంబంధం లేదు.

కాశీబుగ్గ_మాస్టారు:
రెండు ముక్కలు చెప్తాను, ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఒకటి, నువ్వు హిందువు, అమ్మాయి క్రిస్టియన్ కాబట్టి ఈ చట్టం కింద చేసుకుంటే నువ్వు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. నీ వాటా పోదు, కంగారు పడకు, కానీ మీ నాన్నగారికి ఉమ్మడి పొలం ఏదైనా ఉంటే ఈ సంగతి ముందే చెప్పు, తర్వాత అన్నదమ్ముల మధ్య మాట రాకూడదు. రేపు మీ ఆస్తి వారసత్వం కూడా ఇండియన్ సక్సెషన్ యాక్ట్ ప్రకారం వెళ్తుంది.

రెండోది పేర్లు. మనవాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా ఆధార్‌లో చాలామందికి అది వెనక్కెళ్లిపోతుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో చూస్తే ఒట్టి ఇనీషియల్. నీ కాగితాలూ అమ్మాయివీ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకో, నోటీసులో ఎలా రాస్తే సర్టిఫికెట్‌లో అలాగే వస్తుంది, తను నర్సు కాబట్టి రేపు విదేశాలకి వెళ్లాలన్నా అదే చూస్తారు. ఆధార్ సరిచేయించుకునేది ఉంటే నోటీసుకి ముందే చేయించు.

వంశధార_గట్టు:
మాస్టారూ నా ఆధార్‌లో నిజంగానే ఇంటిపేరు వెనకుంది, తన టెన్త్‌లో ఇనీషియలే ఉంది. రేపే వెళ్తాం. చివరిగా ఒకటి, వాళ్లమ్మ గారు చిన్న ప్రార్థన అయినా ఉండాలంటున్నారు, అది కుదురుతుందా? ఇంకా ఆఫీసులో మాటలు ఒడియాలో చెప్పాలా, తనకి ఒడియా అంతంతమాత్రం.

గుణుపురం_అక్క:
కుదురుతుంది తమ్ముడూ. పెళ్లి ఏ పద్ధతిలోనైనా జరుపుకోవచ్చని చట్టంలోనే ఉంది, ఆఫీసర్ ముందు, ముగ్గురు సాక్షుల ముందు నిన్ను నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను అని నువ్వు, భర్తగా అని తను అనాలి, అంతే. అది మీ ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా అనొచ్చు, హాయిగా తెలుగులో చెప్పండి. ప్రార్థన అదయ్యాక ఇంటి దగ్గర పెట్టుకోండి. ముగ్గురు సాక్షుల్లో ఒకరు వాళ్లమ్మ గారైతే బాగుంటుంది, ఆవిడని ఇప్పుడే అడుగు, ఆధార్ తెచ్చుకోమను.