జాతిని దాచుకుని బతికిన పాత్రను ద్రోహి అనవచ్చా?

పఠిత:

అమెరికా నల్లజాతి రచయిత్రి నెల్లా లార్సెన్ 1929లో వెలువరించిన ‘పాసింగ్’ నవలను ఈ మధ్య రెండోసారి చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒంటిరంగు తెల్లగా ఉన్న నల్లజాతి మనిషి పుట్టుకను దాచిపెట్టి, శ్వేతజాతీయులలో ఒకరిగా చెలామణి కావడాన్ని అమెరికాలో పాసింగ్ అనేవారు. నవలలోని క్లేర్ అలాగే చెలామణి అవుతూ, నల్లవారంటే గిట్టని ధనవంతుడు బెల్యూను పెళ్లాడింది. ఆమె చేసింది ద్రోహమే అని నా అభిప్రాయం.

ఒక్క సన్నివేశం చెబుతాను. క్లేర్ తన చిన్ననాటి స్నేహితురాళ్లు ఇద్దరిని తేనీటికి పిలుస్తుంది. ముగ్గురూ నల్లజాతివారే, చూడడానికి మాత్రం తెల్లవారిలాగే ఉంటారు. ఇంతలో బెల్యూ గదిలోకి వస్తూనే, నల్లవారిని కించపరిచే తిట్టును కుదించి ముద్దుపేరుగా మార్చి భార్యను పలకరిస్తాడు. పెళ్లినాటికి కలువలా తెల్లగా ఉన్న మనిషి రోజురోజుకూ నల్లబడుతోందని, అందుకే ఆ పేరు పెట్టానని చెప్పి పెద్దగా నవ్వుతాడు. అందరూ నవ్వుతారు. ఆ స్నేహితురాళ్లలో ఒకరైన ఐరీన్ అయితే కళ్ల వెంట నీళ్లు కారేదాకా, డొక్కలు నొప్పి పుట్టేదాకా, మిగిలినవారు ఆపేశాక కూడా నవ్వుతూనే ఉంటుంది. ఒకటి రెండు పాళ్లు నల్లరక్తం తనలో ఉందని తేలితే ఏమవుతుందని క్లేర్ అడిగితే, తన కుటుంబంలో అలాంటివారు లేరు, ఉండబోరు అని అతడు తేల్చేస్తాడు. ఆ తరువాత నల్లవారంటే అయిష్టం కాదు, ద్వేషం అని స్పష్టంగా చెబుతాడు. క్లేర్ సౌఖ్యమంతా ఆ మాటలకు రోజూ ఊకొట్టడం మీదే నిలబడి ఉంది.

జేమ్స్ వెల్డన్ జాన్సన్ నవల ‘ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ యాన్ ఎక్స్-కలర్డ్ మ్యాన్’ కథానాయకుడు కూడా ఇదే దారి పట్టాడు గానీ, పెళ్లికి ముందే ఆ అమ్మాయికి నిజం చెప్పాడు. చివరి వాక్యంలో, పూటకూటి కోసం జన్మహక్కును అమ్ముకున్నానని ఒప్పుకున్నాడు కూడా. పాత్ర తనంతట తాను తప్పు ఒప్పుకుంటుంటే, పాఠకులం మనం ఎందుకు వెనకేసుకురావాలి?

మననం:

పఠిత గారూ, దాచినవారి తప్పును మీరు చక్కగా చూపించారు. కానీ ఆ దాచడం ఎక్కడ మొదలైందో చూడలేదు. తండ్రి చనిపోయాక క్లేర్‌ను పెంచినవారు శ్వేతజాతికి చెందిన ఆమె తండ్రి మేనత్తలు. ఇంటిచాకిరీ అంతా ఆమె చేతే చేయించుకుంటూ, ఇరుగుపొరుగు దగ్గర నల్లవారి ఊసే ఎత్తకూడదని ఆంక్ష పెట్టింది వారే. తమ సోదరుడు ఒక నల్లజాతి అమ్మాయితో సంబంధం పెట్టుకున్నాడని లోకానికి తెలియడం వారికి సిగ్గు. ఆ సిగ్గును ఒక చిన్నపిల్ల నోటికి తాళంగా వేశారు. పెద్దయ్యాక ఆమె ఆ తాళాన్ని తన స్వార్థానికి వాడుకుంది నిజమే, కానీ తాళం ఆమె చేసింది కాదు.

జాన్సన్ నవలలో బడి సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. ప్రధానోపాధ్యాయుడు తరగతిలోకి వచ్చి తెల్లపిల్లలందరినీ ఒకసారి నిలబడమంటాడు. ఆ పిల్లవాడూ లేస్తాడు. ఉపాధ్యాయురాలు పేరు పెట్టి పిలిచి, ఇప్పుడు కూర్చో, మిగతావారితో కలిసి లేద్దువుగాని అంటుంది. ఇంటికి పరుగెత్తి అద్దం ముందు నిలబడి, అంతవరకూ తనదే అనుకున్న ముఖంలో ఏం కనిపిస్తోందో వెతుక్కుంటాడు. ఈ పిల్లవాడు ఏం దాచాడు? దాచడానికి ఏదో ఉందని అతడికి తెలిసిందే ఆ రోజు కదా! ‘అసలు’ జాతి ఏదో ఆ అద్దం చెప్పలేదు, తరగతి గది చెప్పింది.

చట్టం కూడా ఇంతే. 1892లో హోమర్ ప్లెస్సీ న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవారి రైలుపెట్టె ఎక్కాడు. ఎనిమిదింట ఏడు వంతులు శ్వేతజాతి మూలాలు ఉన్న మనిషి. తెల్లవారికీ నల్లవారికీ వేర్వేరు పెట్టెలు కేటాయించిన చట్టాన్ని కోర్టులో సవాలు చేయాలని ముందే అనుకుని ఎక్కాడు. తాను నల్లజాతివాడినని తానే చెప్పాకే అతడిని అరెస్టు చేశారు. 1896లో సుప్రీంకోర్టు 7–1 తీర్పుతో ఆ వేర్పాటును సమర్థించింది. వర్జీనియా 1924లో చేసిన చట్టమైతే ఇతర రక్తపు ఛాయ ఏమాత్రమూ లేనివారే శ్వేతజాతీయులని నిర్వచిస్తూనే, అమెరికన్ ఆదివాసీ రక్తం పదహారో వంతుకు మించనివారికి మినహాయింపు ఇచ్చింది, ఎందుకంటే ఆదివాసీ నాయకుడి కూతురు పొకహాంటస్ వంశమని గర్వంగా చెప్పుకునే పెద్ద కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఇలా పలుకుబడిని బట్టి అటూ ఇటూ జరిగే జాతుల మధ్య గీతకు అటువైపు ఉన్నందుకు ఒక మనిషిని ద్రోహి అనడం నాకు అన్యాయంగా తోస్తోంది.

ఎదురుగాలి:

మననం గారితో సగం దూరమే నడవగలను. గీత కల్పితమని మీరు రుజువు చేశారు, బాగుంది. అయితే ఆ గీతకు ఇవతల మూడు వందల ఏళ్లకు పైగా బతికినవారు కట్టుకున్న పాట, భాష, ప్రార్థన, హాస్యం కూడా కల్పితమేనా? నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లో ‘ది నేషన్’ పత్రికలో రాసిన వ్యాసం సరిగ్గా దీని గురించే. ఒక యువకవి తాను కవిని కావాలి గానీ నల్లజాతి కవిని కాదన్నాడట. ఆ కోరిక వెనుక తెల్లవాడిని కావాలన్న కోరిక దాగి ఉందని హ్యూస్ బాధపడ్డాడు. జాతి అస్తిత్వాన్ని ఇతరులు చేసిన గాయంగా మాత్రమే చూస్తే, గాయం మానినప్పుడు ఆ మనిషికి తనదంటూ ఏమీ మిగలదు.

నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1928 నాటి వ్యాసంలో తన వర్ణం తనకు విషాదం కాదని చెప్పింది. అంతటితో ఆగలేదు. తెల్లటి నేపథ్యానికి ఎదురుగా నిలబెట్టినప్పుడే తన నలుపు తనకు ఎక్కువగా తెలుస్తుందనీ అంది. ఒకే వ్యాసంలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. నాకు ఎంతో ఇష్టమైన వ్యాసం అది, ఎందుకంటే గాయాన్నీ గర్వాన్నీ ఒకదానికోసం ఇంకొకటి వదులుకోలేదు. క్లేర్ కూడా అంత ప్రమాదంలోనూ మళ్లీ మళ్లీ న్యూయార్క్‌లోని నల్లజాతివారి పేట హార్లెమ్‌కు ఎందుకు వచ్చింది? అక్కడ ఉన్నది చట్టం రాసిన అబద్ధమే అయితే, ప్రాణం మీదికి తెచ్చుకుని దానికోసం ఎవరు వస్తారు?

అలాగని ద్రోహం అన్న మాటనూ ఒప్పుకోను. జాన్సన్ కథానాయకుడు శ్వేతజాతి గుంపు ఒక నల్లమనిషిని సజీవంగా తగలబెట్టడం కళ్లారా చూశాకే ఆ నిర్ణయానికి వచ్చాడు. తనను తరిమింది భయం కాదు, సిగ్గు అంటాడు. జంతువులకన్నా హీనంగా చూసినా అడిగేవారు లేని జనంలో ఒకడిగా ఉండలేని సిగ్గు. నన్ను కలచివేసేది అదే. సిగ్గుపడవలసినవారు ఆ మంట చుట్టూ నిలబడి ఉన్నారు, సిగ్గుపడింది మాత్రం ఇతడు.

తెల్లకాగితం:

పాత్రలకు తీర్పు చెప్పే ముందు పాఠకులు టోని మోరిసన్ 1983 కథ ‘రెసిటటిఫ్’ చదవాలని నా కోరిక. అనాథాశ్రమంలో ఒకే గదిలో నాలుగు నెలలు గడిపిన ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలలో ఒకరు నల్లజాతి, ఒకరు శ్వేతజాతి. ఎవరు ఎవరో కథ చెప్పదు. మొదటిసారి చదివినప్పుడు వారి తల్లుల వేషం, తిండి, మాటతీరు చూసి నేను చకచకా తేల్చేసుకున్నాను. రెండోసారి, అవే ఆనవాళ్లను బట్టి అటుదిటుగా తేల్చుకున్నాను. ఆ కథలో వంటశాలలో పనిచేసే మ్యాగీ అనే మూగ స్త్రీ ఉంది. ఏళ్ల తరువాత ఆమె రంగు ఏమిటని ఆ ఇద్దరూ వాదులాడుకుంటారు. నేను మాత్రం పిల్లల రంగు వెతికే తొందరలో ఆమెను దాదాపు మరచిపోయాను. ప్లెస్సీని ప్రశ్నించిన రైలు కండక్టర్ పని నేనూ చేశానని ఒప్పుకోక తప్పదు.

పఠిత:

మననం గారు గుర్తు చేసిన మేనత్తల భాగాన్ని మళ్లీ తీసి చదివాను. ద్రోహం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకొకటి కూడా కనిపించింది. ఐరీన్‌ను నేను సాక్షిగా నిలబెట్టి మాట్లాడాను గానీ, షికాగోలో ఆమె, క్లేర్ మళ్లీ కలుసుకున్న హోటల్ పైఅంతస్తులో ఆ మధ్యాహ్నం ఐరీన్ కూడా తెల్లమనిషిగా చెలామణి అవుతూనే కూర్చుని ఉంది. ఎండలో సొమ్మసిల్లబోయి, ఒక కప్పు తేనీరు కోసం.

అయినా ఒక్క విషయంలో నా మనసు కుదుటపడలేదు. కూతురు మార్జరీ కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ, ఎక్కడ నల్లగా పుడుతుందోనని హడలి చచ్చానని క్లేర్ చెబుతుంది. జాన్సన్ కథానాయకుడు భార్యకు నిజం చెప్పినవాడే అయినా, పిల్లల మీద ఆ ముద్ర పడకుండా ఉండడానికి ఏమైనా భరిస్తానంటాడు. ఎదురుగాలి గారు చెప్పిన పాటా భాషా ఆ పిల్లలకు ఎవరు అందిస్తారు? క్లేర్ బాధ మనకు తెలుసు, ఆమె మాటల్లోనే విన్నాం. మార్జరీ గొంతు మాత్రం నవలలో ఎక్కడా వినిపించదు. మననం గారు ఆ పిల్ల వైపు నుంచి ఒకసారి ఈ ప్రశ్నను చూసి ఏమంటారో వినాలని ఉంది.