కీటన్ ‘ది జనరల్’: ఫీట్లేనా, దర్శకత్వం కూడానా?

ప్రశ్న:
అమెరికా అంతర్యుద్ధం నేపథ్యంగా తీసిన 1926 నాటి మూకీ కామెడీ ‘ది జనరల్’ చూశాను. రైలు ఫీట్లు అద్భుతం, కాదనను. కానీ బస్టర్ కీటన్ మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. చాప్లిన్ అయితే నవ్విస్తూనే కంటతడి పెట్టిస్తాడు. కీటన్‌ని గొప్ప దర్శకుడు అనడం కాస్త ఎక్కువ కాదా?

జవాబు:
ఎక్కువేం కాదండీ. చాప్లిన్ మొహంతో చెప్పేది కీటన్ ఫ్రేమ్‌తో చెబుతాడు. సైనిక యూనిఫాం వేసుకునేదాకా తనతో మాట్లాడొద్దని ప్రియురాలు తేల్చి చెప్పాక, రైలు డ్రైవర్ జానీ (కీటన్ వేసిన పాత్ర) తన ఇంజన్ చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూలబడతాడు కదా, ఆ షాట్ మళ్లీ చూడండి. ఇంజన్ కదులుతుంది. కడ్డీతో పాటు మనిషి పైకి లేస్తాడు, దిగుతాడు, మళ్లీ లేస్తాడు. షెడ్ దగ్గరకు వచ్చేదాకా అతనికి ఆ స్పృహే ఉండదు, అంత దిగులు! కెమెరా దూరంగా ఉండి మనిషినీ ఇంజన్‌నీ కలిపి చూపిస్తుంది. అక్కడ క్లోజప్ వేసి ఏడిపించి ఉంటే నవ్వూ పోయేది, దిగులూ చౌకబారేది. పైగా అది నిజం ఇంజన్. చక్రాలు జారి గిర్రున తిరిగితే ప్రాణం మీదికి వచ్చేది.

ఇంకోచోట జానీ కట్టెలు కొడుతుంటాడు. వెనక తన సైన్యం వెనక్కి పోతుంది, శత్రుసైన్యం ముందుకొస్తుంది. తలెత్తడు. ముందు గొడ్డలి, వెనక యుద్ధం, రెండూ ఒకే ఫ్రేమ్‌లో. ఇది దర్శకుడి బుర్ర. సహదర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్ పేరు కూడా చెప్పుకోవాలి.

అమెరికాలోని ఒరెగాన్‌లో నిజం ఇంజన్‌నే నదిలో కూల్చిన షాట్ గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం దాని తర్వాతి కట్ ఇష్టం: వంతెన దాటమని ఆజ్ఞ ఇచ్చిన అధికారి బిత్తరపోయిన మొహం. మొహం ఎప్పుడు చూపించాలో కీటన్‌కు బాగా తెలుసు.

ప్రశ్న:
సరే. కానీ ఆ అంతర్యుద్ధంలో హీరోది బానిసత్వాన్ని నిలబెట్టాలనుకున్న దక్షిణాది పక్షం. సినిమాలో దాని ఊసే లేదు. అది వదిలేసి శైలిని మెచ్చుకోవాలా?

జవాబు:
వదిలేయకూడదు. 1862లో నిజంగా జరిగిన ఇంజన్ దొంగతనమే కథకు ఆధారం. చేసింది ఉత్తరాది వాళ్లు. ఓడిన దక్షిణాది వాళ్లను విలన్లను చేస్తే ప్రేక్షకులు ఒప్పుకోరని కీటన్ హీరోని వాళ్ల వైపే పెట్టాడు. ఆ లెక్కలో బానిసలకు చోటే లేకపోయింది. సినిమాలోని అసలు లోపం ఇదే, దాన్ని నేను వెనకేసుకు రాను. మొహంలో భావం లేదనే ఫిర్యాదు మాత్రం ఒప్పుకోను.