"ఐపీ పెట్టాడు" అంటే ఏం పెట్టినట్టు?

నిన్న ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు, పేపర్లో "ఐపీ పెట్టిన పత్తి వ్యాపారి" అని హెడ్డింగు చూశానండి, ఈ ఐపీ ఏంటి, కంప్యూటర్‌కి ఉండే ఐపీ అడ్రస్సుకీ దీనికీ సంబంధం ఉందా అని. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లాడు, తెలియకపోవడంలో తప్పేం లేదు. కానీ కింద వచ్చిన జవాబులు చూశాక ఊరుకోలేకపోయా. ఐపీ అంటే ఎగ్గొట్టడం అన్నారు, ఐపీ అంటే దివాలా అన్నారు, ఐపీ పెడితే ఇక వాణ్ణి ఎవరూ ఏం చెయ్యలేరు అన్నారు. మూడూ తప్పే. ఆ మూడోది మాత్రం మా ఇంట్లో నాన్న నమ్మిన మాట, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంతే. కోర్టులో ఒక్కో రకం కేసుకి ఒక్కో పొట్టి పేరు ఉంటుంది కదా, అసలు దావా ఓఎస్, డిక్రీ వచ్చాక వసూలు కోసం వేసేది ఈపీ, అలాగే "నా అప్పులు నేను తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి" అని అడిగే అర్జీ ఐపీ. నోటీసు కాగితం మీద పైనే ఐపీ నంబరు ఇంత, సంవత్సరం ఇంత అని ఉంటుంది. అప్పులిచ్చినవాళ్ళందరికీ వారం పది రోజుల తేడాతో ఆ కాగితం వచ్చేస్తుంది, సాయంత్రానికి టీ కొట్టు దగ్గర అందరూ కాగితాలు విప్పి పోల్చుకుంటారు, అందులో అందరికీ ఒకేలా ఉండే మాట ఆ రెండక్షరాలే. అలా కాగితం మీంచి నోళ్ళలోకి వచ్చేసింది. చదువు రానివాళ్ళు కూడా తడుముకోకుండా అనే మాట అయిపోయింది.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది ఆ పక్కన చేరిన క్రియ గురించి. దావా వేస్తాం, ఈపీ వేస్తాం, వకాల్తా వేస్తాం. ఐపీ మాత్రం పెడతారు. ఎందుకు? అర్జీ పెట్టడం, దరఖాస్తు పెట్టడం లాంటిదే కదా అనుకోవచ్చు, కానీ గమనించండి, అర్జీ అయితే "పెట్టుకున్నాడు" అంటాం, తన అవసరం కోసం తను పెట్టుకునేది కాబట్టి. "ఐపీ పెట్టుకున్నాడు" అని నేను ఎవరి నోటా వినలేదు. "ఐపీ పెట్టాడు" అనే అంటారు, ఇంకా కోపంగా ఉంటే "నాకు ఐపీ పెట్టాడు" అంటారు. అంటే టోపీ పెట్టాడు, నామం పెట్టాడు, శఠగోపం పెట్టాడు, ఆ వరసలో కూర్చుంది ఇది. నెత్తిన పెట్టేసే వస్తువు అయిపోయింది. కోర్టు ఇంకా ఏమీ తేల్చని ఒక అర్జీ మన భాషలో అయిపోయిన పని అయి కూర్చుంది, పెట్టేశాడు అంటే ఇక తియ్యలేం అన్నట్టు.

దివాలా వేరు. దివాలా "తీస్తాడు". ఈ మాట మనకి ఉత్తరాది నుంచి వచ్చింది, దీపానికి ముడిపెట్టి ఒక కథ చెప్తారు, అప్పులు తీర్చలేని షావుకారు పట్టపగలే కొట్లో దీపం వెలిగించి పెట్టేవాడట, అది చూసి జనానికి అర్థమయ్యేదట. కథ ఎంతవరకు నిజమో గానీ తేడా మాత్రం పనికొచ్చే తేడా: దివాలా అనేది మనిషి ఉన్న పరిస్థితి, ఐపీ అనేది ఒక కాగితం. దివాలా తీసి కూడా ఐపీ పెట్టనివాళ్ళు ఉంటారు, పొలం తెగనమ్మి వడ్డీతో సహా కట్టినవాళ్ళని నేను చూశా. దివాలా తియ్యకుండా ఐపీ పెట్టేవాళ్ళూ ఉంటారు.

మా సంగతి చెప్తా. మా పక్క టౌన్లో మిర్చి వ్యాపారం చేసే ఒకాయనకి నాన్న 2005లో 2 లక్షలు ఇచ్చారు, ప్రోనోటు మీద, నూటికి రూపాయిన్నర వడ్డీ. నోటు మూడేళ్ళే కదా నిలబడేది, అందుకని 2007లో ఆయన 5,000 కట్టినప్పుడు నోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టింది అన్న రాత, రాయించి సంతకం పెట్టించారు, మూడేళ్ళు మళ్ళీ మొదటి నుంచి లెక్క అవుతాయని, అది నాన్న జాగ్రత్త. 2008 నవంబరులో నోటీసు వచ్చింది. ఆ కాగితం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది, నాన్నది 17వ రెస్పాండెంటు, అంటే ఎదుటి పక్షం వాళ్ళలో 17వ పేరు. కింద ఆస్తుల షెడ్యూలు: పాత మోపెడ్ ఒకటి, మంచాలు రెండు, వంట సామాను, అన్నీ కలిపి విలువ 8,000. ఆయన ఉండేది మూడంతస్తుల మేడ, అది 14 నెలల ముందే భార్య పేర దాన సెటిల్‌మెంటు రాసేశారు. అప్పులవాళ్ళ జాబితాలో అందరికంటే పెద్ద అప్పు ఎవరిదంటే ఆయన సొంత బావమరిదిది.

నాన్న కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టి "ఐపీ పెట్టేశాడమ్మా, ఇంకేముంది" అన్నారు అమ్మతో. అంతే. వాయిదాకి వెళ్ళలేదు, వకీల్ని కలవలేదు, దావా వెయ్యలేదు. మిగతా వాళ్ళదీ దాదాపు అదే కథ. 2011 ఏప్రిల్లో ఆ పిటిషను డిస్మిస్ అయింది, పెట్టినాయనే వాయిదాలకి రావడం మానేశాడు కాబట్టి. అసలు దివాలాదారు అని ఎవరూ ప్రకటించనే లేదు. ఆ సంగతి మాకు తెలిసింది 2013లో. అప్పటికి నోటు ఒట్టి కాగితం.

ఆ తర్వాత నేను ఆ చట్టం కూర్చుని చదివా. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు. ఎంత పాతదంటే ఐపీ పెట్టడానికి ఉండాల్సిన కనీస అప్పు అందులో ఇప్పటికీ 500 రూపాయలే. చదువుతుంటే నాకు ఒళ్ళు ఝల్లుమన్న చోటు ఆరో సెక్షన్. ఏమేం చేస్తే మనిషి దివాలా చర్య చేసినట్టో అక్కడ వరసగా ఉంటుంది. అప్పులవాళ్ళకి దొరక్కుండా ఇల్లో కొట్టో వదిలి పోవడం. వాళ్ళ కంటపడకుండా దాక్కోవడం. ఇక చెల్లింపులు ఆపేశానని అప్పులవాళ్ళకి చెప్పడం. ఇవన్నీ మనకి మాటలుగా ఉన్నాయి కదండీ! ఊరొదిలి పోయాడు, బోర్డు తిప్పేశాడు, మొహం చాటేశాడు, చేతులెత్తేశాడు. మనం తిట్లుగా వాడుకునే మాటలు చట్టంలో ఒక్కొక్కటీ ఒక్కో క్లాజు. ఇందులో ఏది జరిగినా మూడు నెలల్లోపు అప్పిచ్చినవాడే కోర్టుకెళ్ళి ఇతన్ని దివాలాదారుగా ప్రకటించండి అని అడగొచ్చు, తొమ్మిదో సెక్షన్. అంటే ఐపీ అప్పిచ్చినవాడు కూడా పెట్టొచ్చు! మన భాషలో ఆ వాక్యమే లేదు. "అప్పులోళ్ళంతా కలిసి వాడి మీద ఐపీ వేశారు" అని ఎప్పుడైనా విన్నారా?

ఇంకొకటి, ఆ మేడ సంగతి. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్ళలోపు ఆస్తి ఉత్తినే ఎవరికైనా రాసిస్తే, మనిషిని దివాలాదారుగా ప్రకటించాక ఆ రాతని రిసీవరు (దివాలాదారు ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) ద్వారా కోర్టు రద్దు చెయ్యొచ్చు, 53వ సెక్షన్. ఆస్తి బదిలీ చట్టంలో అప్పులవాళ్ళని ముంచడానికి చేసే బదిలీల గురించి చెప్పేది కూడా 53వ సెక్షనే, యాదృచ్ఛికం, గుర్తు పెట్టుకోవడానికి మాత్రం బాగుంటుంది. 14 నెలలే కదా అయింది మాకు. అడిగినవాడు లేడు.

వరంగల్ నుంచి ఒక అక్క రాసింది:
మా దిక్కు గూడ గిదే మాట అన్నా, "ఐపీ పెట్టిండు" అంటరు, పెట్టినోణ్ణి "ఐపీగాడు" అని పిలుస్తరు, పిల్లల పెండ్లి సంబంధాలప్పుడు గూడ ఆ పేరు పోదు. మా గల్లీల మిర్చి కమీషన్ చేసేటాయన పోయిన నెల ఐపీ పెట్టిండు, నేను 3 లక్షలిచ్చిన, రెండు రూపాల మిత్తి. నోటు ఉన్నది, ఒక చెక్కు గూడ ఉన్నది. అందరు ఇగ పైసలు రావు ఊకో అంటున్నరు. నువ్వు రాసింది సదివినంక ఏం జెయ్యాల్నో సమజైతలేదు.

గుంటూరులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు గారు రాశారు:
పోస్టు బాగుంది, చట్టం వరకు చిన్న సవరణ. మీరు 2007 చెల్లు నుంచి మూడేళ్ళు లెక్కేసి 2010తో నోటు పోయింది అనుకుంటున్నట్టున్నారు. ఐపీలో ఆయన మీ నాన్నగారి అప్పు ఒప్పుకుంటూ షెడ్యూల్లో రాసి సంతకం పెట్టాడు కదా, దావా వెయ్యడానికి గడువులు చెప్పే లిమిటేషన్ యాక్టు 18వ సెక్షన్ కింద అది అప్పు ఒప్పుకోవడమే అని వాదించొచ్చు, ఎందుకంటే ఒప్పుకోలు అప్పిచ్చినవాడికే రాయాలని లేదు, ఇవ్వను అంటూ ఒప్పుకున్నా సరిపోతుంది. అలా అయితే 2008 నవంబరు నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఇంకో ముక్క, ఐపీ పెట్టినంత మాత్రాన దావా వెయ్యడం ఆగదు. దివాలాదారు అని ఆర్డరు వచ్చాకే కోర్టు అనుమతి కావాలి. లిమిటేషన్‌లో మినహాయించే కాలం కూడా ఆ ఆర్డరు నుంచే, పిటిషను తేదీ నుంచి కాదు. తాకట్టు పెట్టించుకున్నవాళ్ళకైతే ఆర్డరు వచ్చినా అడ్డం లేదు, వాళ్ళ తాకట్టు వాళ్ళు వసూలు చేసుకోవచ్చు.

లాయరు గారూ, మీ జవాబు రెండుసార్లు చదివా. అంటే 2011 నవంబరు దాకా టైముంది. పిటిషను డిస్మిస్ అయింది ఏప్రిల్లో. ఏడు నెలలు మిగిలున్నాయి మా నాన్నకి. ఎగ్గొట్టిన మనిషి రాసుకొచ్చిన కాగితమే మాకు కొత్త నోటు లాంటిది, అది పటం వెనకే ఉంది. నాన్న ఇప్పుడు లేరు, ఈ మాట ఆయనకి చెప్పలేను.

ఇంకో అబ్బాయి అడిగాడు, కంపెనీలు ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, వెళ్తున్నాయి కదా, 2016 కొత్త దివాలా చట్టం వచ్చాక ఈ పాత ఐపీ ఇంకా ఉందా అని. ఉంది నాయనా. ఆ చట్టంలో కంపెనీల భాగం నడుస్తోంది, ఎగవేత కనీసం కోటి ఉండాలి, 2020 మార్చి ముందు అది లక్షే. మనుషుల సంగతి చెప్పే భాగం మాత్రం కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ళ వరకే 2019 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మిర్చి వ్యాపారికీ చీరల కొట్టు ఆయనకీ ఇంకా 1920 చట్టమే. భాష మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఒక సంగతి, కొత్త చట్టం దగ్గర పనిచేసేవాళ్ళు ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్, అంటే కంపెనీని చేతిలోకి తీసుకుని అప్పులవాళ్ళ లెక్కలు చూసే మనిషి. హైదరాబాదులో ఆ ఆఫీసులో "ఐపీ వచ్చారు" అంటే లేచి నిలబడతారు, అదే మాట మా ఊళ్ళో అంటే తలుపులేసుకుంటారు.

వరంగల్ అక్కా, నీ సంగతికి వస్తా. చట్టం సంగతి లాయరే చెప్పాలి, ఏదీ ఆలస్యం చెయ్యకు. నోటీసులో వాయిదా తేదీ చూడు, ఆ రోజు నువ్వు గానీ నీ లాయరు గానీ కోర్టులో ఉండాలి. అక్కడ అడగాల్సినవి అడిగించు, ఆస్తి ఎవరి పేర ఎప్పుడు మారింది, జాబితాలో ఉన్న చుట్టాల అప్పులకి నోట్లేవి, ఐపీకి ముందు మూడు నెలల్లో ఎవరికైనా ఒక్కరికే చాటుగా కట్టాడా అని, అలా కట్టిన దాన్ని కూడా చెల్లదని అనిపించొచ్చు. అతన్ని దివాలాదారు అని ప్రకటిస్తే నీ అప్పు నువ్వు రుజువు చేసుకుంటేనే వచ్చిన దాంట్లో వాటా, ఇంట్లో కూర్చుంటే రాదు. చెక్కు సంగతి వేరే, అది బౌన్సయితే క్రిమినల్ కేసు, దాని గడువులు రోజుల్లో ఉంటాయి, ముందు అదే చూపించు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అతని ఇంటి మీద ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తియ్యి, రెండేళ్ళ వెనక నుంచి. నోటు వెనక ఏమైనా చెల్లు ఉందా, ఉంటే ఏ తేదీ, ముందు అది చూసి ఇక్కడే రాయి.