“డామిట్, కథ అడ్డంగా తిరిగింది” – గిరీశం ఈ మాట ఎప్పుడంటాడు?

మహేంద్రతనయ_గట్టు (పర్లాకిమిడి):
బస్సు తప్పినా, కరెంటు పోయినా మా నాన్నగారి నోట వచ్చే మాట ఇదే. మొన్న మా అమ్మాయి ఎక్కడిదని అడిగితే కన్యాశుల్కంలో గిరీశం మాట అన్నాను, అంతకుమించి చెప్పలేకపోయాను. బడిలో ఒడియా మీడియం, తెలుగు ఇంట్లోనే నేర్చుకుంటోంది, అందుకే సరిగ్గా చెప్పాలనుంది. అసలు ఎవరితో, ఎందుకంటాడు?

బరంపురం_బాబాయ్:
నాటకంలో ఆఖరి మాట అదేనండీ, ఆ తర్వాత ఇంకేం లేదు. విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో జరుగుతుంది. వితంతువైన బుచ్చమ్మని లేవదీసుకొచ్చి, సంఘ సంస్కర్తలాగా మాట్లాడుతూ, పెళ్లి చేసుకుంటానని ఆ పెద్దమనిషిని నమ్మించాడు గిరీశం. తీరా అతని నడత వేశ్య మధురవాణి వల్ల బయటపడింది. బుచ్చమ్మని పూనాలో వితంతువుల శరణాలయానికి పంపుతానని పంతులుగారు తేల్చేశాక వచ్చే మాట అది. అంటే పట్టుబడ్డవాడి ఉక్రోషం, పశ్చాత్తాపం కాదు. బుచ్చమ్మ గతి ఏమిటన్న బెంగ అందులో ఒక్క పిసరు లేదు, తన ఎత్తు పారలేదన్న బాధే. నాటకం మొదట్లో విజయనగరం బొంకులదిబ్బ దగ్గర పూటకూళ్లమ్మ డబ్బు వాడేసుకున్న సంగతి తనలో తాను చెప్పుకునేదీ ఈ గిరీశమే, చివరి మాటా అతనిదే, మధ్యలో మనిషి ఏమీ మారలేదు.

రాయగడ_పిల్ల:
బాబాయ్ గారూ, మీరు మధురవాణి పేరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. అసలు కథ తిప్పింది ఆవిడ కాదా? వేశ్యల మొహం చూడనని పంతం పట్టిన పంతులుగారి ఇంటికి మగవేషంలో వెళ్లి, ముసలి లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్య కేసు నుంచి అతన్ని గట్టెక్కించి, గిరీశం సంగతీ తేల్చింది. అక్కా, మీ అమ్మాయికి చెప్పేటప్పుడు ఈ ముక్క ముందు చెప్పండి, లేకపోతే గిరీశం ఒక్కడే గుర్తుండిపోతాడు.

పాతబడి_మాస్టారు:
ఇద్దరూ బాగా చెప్పారు. నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, మనం చదివేది గురజాడ చాలా పెంచి రాసిన 1909 నాటిది. అమ్మా, మీ ఊరికీ దీనికీ చుట్టరికం ఉంది. గురజాడతో విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఏళ్ల తరబడి పనిచేసింది పర్లాకిమిడిలోనే, అప్పటికింకా అది మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936లో గదా ఒడిశాలో కలిసింది! జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆ స్నేహితులిద్దరూ పట్టుబట్టారు. గిరీశం అచ్చం మనిషిలా, ఇంగ్లీషు ముక్కలు కలిపి మరీ మాట్లాడాడు కాబట్టే ఆ మాట మీ నాన్నగారి దాకా వచ్చింది. గ్రాంథికంలో రాసుంటే బస్సు తప్పినప్పుడు ఎవరికి గుర్తొచ్చేది?

మహేంద్రతనయ_గట్టు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. గిడుగు వారి సంగతి అమ్మాయికి రాత్రే చెప్పాను. ఆదివారం నుంచి నాన్నగారు గిరీశం, నేను బుచ్చమ్మ, అది మధురవాణి, ఇంట్లోనే పైకి చదవబోతున్నాం. మధురవాణి వేషం అదే కోరుకుంది.