దుబాయ్ వస్తున్న తమ్ముడికి: వాట్సాప్, ఇండియా సిమ్ గురించి

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. వచ్చే నెల దుబాయ్‌ల పనికి చేరుతున్న. ఇప్పుడున్న వాట్సాప్ అక్కడ పనిచేస్తదా? కొత్త సిమ్ వేస్తే నంబరు మార్చాల్నా? ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంటది, ఆమెకు చదువు రాదు. జర చెప్పండి అన్నా.

షార్జా నుంచి:
తమ్మీ, వాట్సాప్‌ల రాసుడు, ఫొటోలు పంపుడు, వాయిస్ మెసేజీలు అన్నీ ఇక్కడ నడుస్తయి. కాల్ మాత్రం కలవదు, వీడియో కాల్ అయినా అంతే. దానికి పర్మిషన్ ఉన్న యాప్‌లు వేరే ఉన్నయి, బోటిమ్ అసొంటివి. అటు ఇటు ఇద్దరి ఫోన్లల్ల ఉండాలె, అందుకే బయలుదేరకముందే అమ్మ ఫోన్ల ఎక్కించు. రూంల ఎవరన్న 'వీపీఎన్ పెట్టుకో, వాట్సాప్ కాలే కలుస్తది' అంటరు. వినకు. వీపీఎన్ అంటే మనం ఏ దేశంల నెట్ వాడుతున్నమో దాచే యాప్. దాన్ని అడ్డం పెట్టుకొని నేరం చేసినట్టు తేలితే చట్టంల జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా ఉన్నది, జైలు కూడ ఉన్నది. మనం జన్మంత కష్టపడ్డా కట్టలేం.

ఇగ నంబరు. ఏ నంబరుతోని రిజిస్టర్ చేసినవన్నదే వాట్సాప్‌కు లెక్క. ఇక్కడి సిమ్ నెట్ మీద పాత నంబరే నడుస్తది. నంబరు మారుస్తవా అని అడిగితే వద్దని కొట్టు. ఇండియా సిమ్ మాత్రం పారెయ్యకు. కొత్త ఫోన్ల వాట్సాప్ ఎక్కిస్తే 6 అంకెల కోడ్ ఆ నంబరుకే వస్తది.

నేను వచ్చిన కొత్తల సిమ్ తీసి పెట్టెల పడేసిన, రీచార్జ్ చెయ్యలె. ఒకరోజు పనికాడ ఫోన్ నీళ్లల్ల పడ్డది. కొత్తది కొని చూస్తే కోడ్ అడుగుతున్నది, ఇండియా నంబరు ఎప్పుడో బందయింది. నాలుగు రోజులు మా అమ్మ పంపినవాటికి ఒక్క గీతే, అంటే నాకు చేరలే. పొద్దు మాపు పక్కింటి పిల్లగానికి ఫోన్ చూపించి 'రెండో గీత పడ్డదా బిడ్డా' అని అడిగేదట. ఆ మాట తర్వాత విన్న, ఇప్పటికీ యాదికొస్తది.

మన దేశంల ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు అసలే వాడకుంటే ఆపెయ్యచ్చని రూలు ఉన్నది. అందుకే వ్యాలిడిటీ పోకుంట ఇంటికాడ ఎవరితోనన్న రీచార్జ్ చేయించు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండూ అందులనే ఉంచు. బ్యాంకు ఓటీపీ కోసం రోమింగ్ (ఇండియా సిమ్ బయటి దేశంల పనిచేసుడు) ఆన్ చేయించుకో, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్. లేకుంటే విమానం దిగంగనే బ్యాలెన్స్ ఖతం. ఎయిర్‌పోర్టుల వైఫై ఫ్రీ, దాంతోనే 'చేరిన' అని అమ్మకు మెసేజ్ పెట్టు.

అబుదాబీ నుంచి:
తమ్ముడూ, మాది అమలాపురం వైపు. అన్నయ్య చెప్పినవన్నీ చెయ్యి. మీ అమ్మగారికి వాయిస్ మెసేజ్ నువ్వే దగ్గర కూర్చుని నేర్పు. మైకు బొమ్మ మీద వేలు నొక్కిపెట్టి అలాగే పైకి జరిపితే తాళం పడుతుంది, ఇక వేలు తీసేసి ఎంతసేపైనా మాట్లాడొచ్చు. మా అమ్మకి ఇది తెలియక వేలు జారిపోయి, ప్రతిసారీ 'అమ్మాయ్, అన్నం...' దగ్గరే తెగిపోయేది. తాళం వెయ్యడం వచ్చాక ఏడు నిమిషాలు మాట్లాడింది, వెనకాల కోళ్ల అరుపులతో సహా. ఆ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నాను.

పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటరు ఫొటోలు తీసి ఇంట్లో నమ్మకమైన మనిషికి ఇప్పుడే పంపు. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకో, అంటే కోడ్‌తో పాటు అడిగే నీ సొంత రహస్య నంబరు. కోడ్ చెప్పమని ఎవరు అడిగినా, తెలిసినవాళ్ల పేరుతో అడిగినా సరే, చెప్పకు.

ఇక్కడ రాత్రి 8:30 అంటే మనకి 10. డ్యూటీ దిగాక స్నానం, వంట అయ్యేదాకా ఆగకు, బస్సులో ఉండగానే మెసేజ్ పంపేయ్. లేకపోతే మీ అమ్మగారు నిద్రపోకుండా ఫోన్ పక్కనే కూర్చుంటుంది.